దుందుభి వాగులో అసలు చేపలు

షాద్‌నగర్ వైపు కొండల్లో పుట్టిన దుందుభి వాగు పాలమూరు పల్లెలు దాటి డిండి ప్రాజెక్టులో చేరుతుంది. అక్కణ్నుంచి చందంపేట మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ కలిసే చోటు ఇప్పుడు నాగార్జునసాగర్ బ్యాక్ వాటర్‌లో ఉంది. చేపల సర్వేకని ఈ రెండు చోట్లా వల వేసి, వాగు చేపలు ఇవేనని రాసుకుంటే లెక్క తప్పుతుంది. బొచ్చె, రోహు లాంటివి రిజర్వాయర్లలో చాలావరకు మనం తెచ్చి వదిలినవే. వాగు సొంత చేపలు కావాలంటే నీళ్లు పారే చోట, రాళ్ల మధ్యకు దిగాల్సిందే.

అక్కడ వెతకాల్సింది గర్రా లాంటి చేపల్ని. వేలెడంత ఉంటాయి. నోటి వెనక, గడ్డం కింద గుండ్రటి మెత్తని బిళ్ల ఉంటుంది. దాంతో రాయిని కరుచుకుని ప్రవాహానికి ఎదురు నిలబడతాయి, రాతి మీది నాచు గీక్కుని తింటాయి. అంగట్లో ధర పలకవు కాబట్టి వీటి ఊసెత్తేవాళ్లు తక్కువ.

పరిగెల సంగతి ఇంకా చిక్కు. బుట్టలో అన్నీ ఒకేలా మెరుస్తాయి. లెన్సు కింద పెట్టి, పక్కన పొలుసుల మీద చిన్న చిన్న రంధ్రాలతో సాగే గీతను చూడాలి. పుంటియస్ సోఫోర్ అనే పరిగె జాతిలో ఆ గీత మొప్ప దగ్గర మొదలై తోక దాకా పోతుంది. పెథియా టిక్టో అనే ఇంకో జాతిలో కొన్ని పొలుసులు దాటగానే ఆగిపోతుంది. రెండింటికీ నల్లమచ్చలుంటాయి గానీ చోట్లు వేరు: మొదటిదానికి వీపు రెక్క మొదట్లో, తోక దగ్గర, రెండోదానికి భుజం మీద, తోక దగ్గర. ఇంత ఓపిగ్గా చూడకపోతే రెండు జాతులు ఒకటైపోతాయి.

ఒక్కసారి పోయి వస్తే సరిపోదు. తొలకరి వరదకు చేపలు ఎదురెక్కుతాయి. ఎండాకాలం వాగు మడుగులుగా తెగిపోతుంది. అప్పుడు కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి పైకొచ్చి గాలి మింగి బతుకుతాయి. మిగతా వాటికి లోతైన మడుగే దిక్కు. ఏ మడుగు ఎండదో, వాలుగ ఎక్కడ దాగుతుందో ముదిరాజ్, బెస్త పెద్దమనుషులకే తెలుసు. వాలుగను ప్రపంచవ్యాప్తంగా ముప్పున్న చేపల జాబితాలో చేర్చారు కాబట్టి వాళ్ల మాట విలువైన సమాచారం.

ఇప్పుడు చెంబెడు నీళ్లలోని డీఎన్‌ఏతోనూ చేపల్ని పసిగట్టవచ్చు. అయితే పోల్చడానికి ఆ జాతి డీఎన్‌ఏ ముందే రికార్డయి ఉండాలి. అందుకే చేపను పట్టి, ఫోటో తీసి, రెక్క ముక్క ఆల్కహాల్‌లో దాచి, ఊరి పేరు, తేదీ రాసిపెట్టే పని తప్పదు. హైదరాబాద్‌లో జువలాజికల్ సర్వే (జంతువుల్ని అధ్యయనం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి మంచినీటి జీవుల కేంద్రమే ఉంది. నమూనాలు భద్రపరచడానికి దూరం పోనక్కర్లేదు.

ఇసుకలో దూరి బతికే సన్నటి చేపలకు తొందర ఎక్కువ. ఇసుక తోడేసిన చోట వాటికి ఉండే తావే లేదు. సర్వే మొదలుపెట్టాల్సింది ఇంకా ఇసుక మిగిలిన మలుపుల నుంచే.