కొవ్వుతో కలిపితే మందు ఒంటబడుతుందా? అపోహలు - వాస్తవాలు

మొక్కల నుంచి తీసిన మందు పదార్థాల్లో చాలావాటిది ఒకటే తంటా. పరీక్షనాళికలో బ్రహ్మాండంగా పనిచేస్తాయి, మింగితే మాత్రం రక్తంలో ఆనవాలు దొరకడం కష్టం. దీనికి విరుగుడుగా మందును కొవ్వుతో కలిపి మోసుకెళ్లే లైపోజోములు, ఫైటోజోములు, నానో ఎమల్షన్లు (నీళ్లలో అతిచిన్న నూనె బొట్లు) వచ్చాయి. వాటి వెనకే అపోహలూ వచ్చాయి. మందును వాడే రూపంలోకి తెచ్చే ఫార్ములేషన్ పనిలో ఉన్నవాళ్లకు తరచూ ఎదురయ్యేవి ఇవి.

అపోహ: నీళ్లలో కరగకపోవడమే అసలు సమస్య. కొవ్వులో కరిగిస్తే సరి.

కరగకపోవడం మొదటి అడ్డంకి మాత్రమే. పసుపులోని కర్కుమిన్ సంగతే చూడండి. నీళ్లలో దాదాపు కరగదు. ఎలాగో కరిగించినా నిలవదు: 7.2 పీహెచ్ ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర, అరగంటలో సుమారు 90 శాతం విచ్ఛిన్నమైపోతుంది. ఆ గండం గడిచి పేగు గోడలోకి చేరినదానికి అక్కడా, తర్వాత కాలేయంలోనూ గ్లూకురోనైడో సల్ఫేటో అనే రసాయన గుంపు తగులుకుని రూపమే మారిపోతుంది. కొవ్వు వాహకం మొదటి రెండు అడ్డంకులనూ బాగానే దాటిస్తుంది. మూడోదాని దగ్గర దాని బలం చాలదు.

మిరియాల్లోని పైపరిన్ పనిచేసేది ఆ మూడోచోటే. 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే మనుషుల్లో లభ్యత (రక్తంలోకి చేరే మోతాదు) 2000 శాతం పెరిగిందని 1998లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. ఈ అంకెను అందరూ వాడేసుకుంటారు. కర్కుమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రక్తంలో కనిపించింది కొలతకు అందీ అందనంత అని మాత్రం ఎవరూ చెప్పరు. అంత చిన్నదానికి ఎన్ని రెట్లయినా చిన్నదే.

అపోహ: లైపోజోమ్ అన్నా ఫైటోజోమ్ అన్నా ఒకటే.

లైపోజోమ్ అంటే రెండు పొరల ఫాస్ఫోలిపిడ్ (నీళ్లకు అంటుకునే తల, కొవ్వు తోకలు ఉన్న అణువు) బుడగ, లోపల నీళ్లు. కర్కుమిన్ లాంటిది ఆ నీళ్లలో ఉండలేదు, పొరలోని కొవ్వు తోకల మధ్య ఇరుక్కోవాల్సిందే. అక్కడ చోటు తక్కువ. ఎక్కువ పోస్తే మిగిలింది స్ఫటికాలుగా అడుగుకు దిగుతుంది. దాన్ని వేరు చేయకుండా కొలిచి, మొత్తం బుడగల్లోనే ఉందని రాసేసేవాళ్లూ ఉన్నారు.

ఫైటోజోమ్‌లో మందు అణువే ఫాస్ఫాటిడిల్‌కోలిన్ అనే ఫాస్ఫోలిపిడ్ తలభాగంతో హైడ్రోజన్ బంధాలతో కట్టుబడి ఉంటుంది. మామూలుగా 1:1 లేదా 1:2 నిష్పత్తి వాడతారు. ఇది మోల్ నిష్పత్తి, అంటే అణువుల సంఖ్యది, బరువుది కాదు. ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. మిల్క్ థిసిల్ మొక్క నుంచి వచ్చే సిలిబిన్ అణుభారం 482, ఫాస్ఫాటిడిల్‌కోలిన్‌ది సుమారు 775. అంటే 1:1కి 1 గ్రాము సిలిబిన్‌కు ఫాస్ఫాటిడిల్‌కోలిన్ దాదాపు 1.6 గ్రాములు పడుతుంది. రెండూ చెరో గ్రాము తూచి కలిపితే సిలిబిన్‌లో 40 శాతం దాకా జత లేకుండా మిగిలిపోతుంది. పైగా మామూలు సోయా లెసిథిన్ (సోయా నుంచి తీసే ఫాస్ఫోలిపిడ్ల మిశ్రమం) అంతా ఫాస్ఫాటిడిల్‌కోలిన్ కాదు. డబ్బా మీద ఉన్న శాతాన్ని బట్టి లెక్క సరిచేసుకోవాలి.

సిలిబిన్, ఫాస్ఫాటిడిల్‌కోలిన్ రెండింటినీ ఇథనాల్‌లోనో ఇథైల్ ఎసిటేట్‌లోనో వేసి 60 డిగ్రీల దగ్గర రెండు గంటలు కలిపి, ద్రావణిని తక్కువ పీడనంలో ఆవిరి చేస్తారు. పొడులు పొడులుగా కలిపితే అది వట్టి మిశ్రమమే. తర్వాత డీఎస్‌సీలో (పదార్థాన్ని వేడిచేస్తూ అది ఎక్కడ కరుగుతుందో చూసే పరీక్ష) సిలిబిన్ కరిగే శిఖరం మాయమైందని సంబరపడొద్దు. పరీక్షలో వేడెక్కుతున్నప్పుడు కరిగిన లిపిడ్‌లోకి సిలిబిన్ జారుకున్నా ఆ శిఖరం పోతుంది. స్ఫటికాలున్నాయో లేవో చూపే ఎక్స్-రే డిఫ్రాక్షన్ గది ఉష్ణోగ్రతలోనే తీస్తారు కాబట్టి అదీ చూడాలి. పక్కన వట్టి మిశ్రమాన్ని పెట్టి పోల్చాలి.

అపోహ: లైపోజోమ్ చెక్కుచెదరకుండా పేగు దాటి రక్తంలో కలుస్తుంది.

పైత్యరస లవణాలు, క్లోమం నుంచి వచ్చే ఫాస్ఫోలైపేజ్ ఎంజైము కలిసి సోయా ఫాస్ఫోలిపిడ్ బుడగను చాలావరకు విప్పేస్తాయి. మిగిలేవి మందును మోసే మిశ్రమ మైసెల్లులు, అంటే పైత్యలవణాలూ కొవ్వులూ కలిసిన అతిచిన్న ఉండలు. ఇది నష్టమేమీ కాదు, శోషణకు దారి అదే. కానీ లేబుల్ మీద నానోమీటర్లలో రాసే బుడగ సైజు సీసాలోని కొలతే, పేగులోది కాదు.

అపోహ: ఎంత ఎక్కువ మందు కరిగించగలిగితే అంత మంచి ఫార్ములా.

నీళ్లు తగలగానే తనంతట తానే ఎమల్షన్ (చిన్న నూనె బొట్లు) అయ్యే నూనె మిశ్రమాల్లో ఈ ఆశే కొంప ముంచుతుంది. ఇథనాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ దండిగా పోస్తే మందు చక్కగా కరుగుతుంది. నీళ్లు తగిలిన క్షణంలో అవి నీళ్లలోకి వెళ్లిపోతాయి, మందు దిక్కులేకుండా మిగిలి గడ్డకడుతుంది. 37 డిగ్రీల నీళ్లు 250 మిల్లీలీటర్లు తీసుకుని, నెమ్మదిగా తిప్పుతూ 1 మిల్లీలీటరు మిశ్రమం వేయండి. నిమిషంలో తేటగా కలిసిపోతే అక్కడితో ఆపేయొద్దు. 2 గంటలకు, 24 గంటలకు ఓ చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడండి. సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే ఫార్ములా మార్చాల్సిందే. ఇథనాల్‌కు ఇంకో గుణం ఉంది: మెత్తని జెలటిన్ క్యాప్సూల్ గోడలోకి ఇంకుతుంది, లోపల మందు అవక్షేపమవుతుంది.

అపోహ: లెసిథిన్ సహజమైనది, పాడవదు.

సోయా ఫాస్ఫోలిపిడ్‌లో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, గాలి తగిలితే ఆక్సీకరణమవుతుంది. తయారీలో నైట్రోజన్, కొద్దిగా టోకోఫెరాల్ (విటమిన్ ఇ), నిల్వకు 2-8 డిగ్రీలు, వెలుతురు పడని సీసా. వాసన మారేదాకా ఆగకుండా పెరాక్సైడ్ విలువ (ఆక్సీకరణ ఎంత జరిగిందో చూపే కొలత) చూస్తూ ఉండాలి.

అపోహ: 20 రెట్లు ఒంటబడితే 20 రెట్లు పనిచేస్తుంది.

ముందు, కొలిచింది ఏమిటో అడగండి. చాలా పరీక్షల్లో రక్త నమూనాకు గ్లూకురోనిడేజ్ ఎంజైము కలిపి, రూపం మారిన కర్కుమిన్‌ను కూడా విడగొట్టి "మొత్తం కర్కుమిన్" అని లెక్కేస్తారు. స్వేచ్ఛగా ఉన్న కర్కుమిన్ అందులో చిన్న వాటా. దేంతో పోల్చారన్నదీ చూడాలి: వట్టి పొడితోనా, ఖాళీ కడుపుతోనా, భోజనం తర్వాతనా? బోస్వెల్లియా చెట్టు బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లాల శోషణ కొవ్వున్న భోజనంతోనే బాగా పెరుగుతుంది.

శోషణ నిజంగా పెరిగితే జాగ్రత్తా పెరగాలి. పసుపు సప్లిమెంట్లు వాడినవారిలో కాలేయ వాపు కేసులు రావడంతో ఇటలీ ఆరోగ్య శాఖ 2019లో హెచ్చరించింది. పైపరిన్ కాలేయంలో ఇతర మందులను విరిచే ఎంజైములనూ అడ్డుకుంటుంది. పిత్తాశయ, కాలేయ జబ్బులున్నవాళ్లు, రోజూ వేరే మందులు వాడేవాళ్లు ఇలాంటివి మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి. వాడుతుండగా మూత్రం ముదురు రంగుకు మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపేసి పరీక్ష చేయించుకోవాలి.