గాడిలో గోదారి మట్టి

మా ఇంట్లో ఘంటసాల గారి పాటల ఎల్పీ, అంటే పాత గ్రామఫోను ప్లేటు, ఒకటి ఉంది, దాని రెండో వైపు మూడో పాటలో పల్లవి అవ్వగానే టిక్... టిక్... అని చప్పుడు మొదలవుద్ది. చిన్నప్పుడు అది కూడా తాళమే అనుకునేవాణ్ణి. తర్వాత కాకినాడలో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఎవరిదో రేడియోలో అదే పాట వస్తుంటే ఏదో వెలితిగా అనిపించింది, ఏంటా అని ఆలోచిస్తే చరణం కూడా అయిపోయాక తట్టింది, టిక్ లేదు.

ఆ టిక్ సరిగ్గా 1.8 సెకన్లకి ఒకసారి వస్తుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది కదా, అరవైని దానితో భాగిస్తే వచ్చేది అదే. ప్లేటు మీద అడ్డంగా గీత పడితే ముల్లు ప్రతి చుట్టులోనూ ఒకసారి ఆ గీతని దాటాలి. ఒక మిల్లీమీటరులో సుమారు పది గాడులు, అంటే ముల్లు నడిచే సన్నటి కాలవలు, పక్కపక్కనే ఉంటాయి, అంటే అర సెంటీమీటరు గీత చాలు, ఒకటిన్నర నిమిషం పాటు టిక్కుమంటూనే ఉంటది. మా ప్లేటు మీద గీత బాబాయ్ పెళ్ళిలో పడింది, పందిట్లో మైకుసెట్టు కుర్రాడు కంగారులో ముల్లుని పక్కకి లాగేశాడు. మామ్మ ఆ కథ చెప్పినప్పుడల్లా పెళ్ళి భోజనాల దాకా వెళ్ళిపోయేది.

నిజానికి గాడులు అని బహువచనం అనకూడదు, ఒక వైపు మొత్తానికి ఉండేది ఒకటే గాడి, అంచు నుంచి లోపలికి చుట్టలు చుట్టుకుంటూ పోతుంది, సాపుగా లాగితే దాదాపు అర కిలోమీటరు. మన కాలవకి రెండు గట్లు ఉన్నట్టే దానికీ రెండు గోడలు ఉంటాయి, స్టీరియో రికార్డులో ఒక గోడ వంకరలు ఎడమ చెవికి, రెండో గోడవి కుడి చెవికి. గొంతు ఎలా కంపించిందో గోడ అలాగే వంకర తిరిగి ఉంటుంది, కొన్ని వంకరలు మైక్రాన్ కన్నా, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా కూడా చిన్నవి, ముల్లు వాటి వెంట ఊగుతూ ఆ ఊపుని కరెంటుగా మారుస్తుంది. ముల్లుకి ఇది ఘంటసాల గారి గమకం, ఇది మైకుసెట్టు కుర్రాడి గీత అనే తేడా తెలీదు. ఏది తగిలితే అది పలుకుతుంది. నాకు రికార్డు అంటే ఇంత ఇష్టం ఇందుకే. వినైల్ సౌండు, అంటే ఈ ఎల్పీల సౌండు, సీడీ కన్నా గొప్పదని అంటారు గానీ కొలతల్లో అది నిలబడదు, సన్న చప్పుడికీ పెద్ద చప్పుడికీ మధ్య తేడా చూపించడంలో సీడీయే చాలా ముందు. కానీ అదే పాట సీడీలు లక్ష ఉంటే లక్షా ఒకటే, మా ప్లేటు మాత్రం ప్రపంచంలో ఇదొక్కటే. అమెరికాలో 2022లో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి, కొనేవాళ్ళలో కొందరికైనా ఇలాంటి ప్లేటు ఇంట్లో ఒకటి ఉండే ఉంటుందని నా నమ్మకం.

1986 ఆగస్టు వరదకి మా లంక ఇంట్లో నడుం లోతు నీళ్ళు. అట్టలన్నీ ముద్దయిపోయాయి. తాతగారి పాత నాటక పద్యాల ప్లేట్లు, అవి లక్కతో చేసినవి, నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, బీరువా పడిపోయి చాలావరకు పగిలిపోయాయి. లక్క పెళుసు, పైగా అందులో కలిపే పదార్థాలకి తేమలో బూజు కూడా పడుతుంది. 1948లో వచ్చిన ఎల్పీ వినైల్‌ది, అదొక ప్లాస్టిక్, నీళ్ళు పీల్చదు, అందుకే మా ఎల్పీలు బతికాయి. కాకపోతే గాడి వెడల్పు యాభై మైక్రాన్ల పైచిలుకు, గోదారి ఒండ్రులో రేణువులు చాలావరకు అంతకన్నా చిన్నవి, అంటే మన పొలాలకి బలం ఇచ్చే ఆ మట్టే గాడిలో చక్కగా ఇమిడిపోతుంది. ఉత్త నీళ్ళతో కడిగితే పోలేదు, ఎందుకంటే నీటికి తలతన్యత, అంటే పైపొరని బిగించి పట్టుకునే గుణం, ఎక్కువ, అంత సన్నటి సందులోకి సరిగ్గా దిగదు. మామ్మ పలచగా కుంకుడు రసం చేసి మెత్తటి పాత పంచె గుడ్డతో గాడి వెంబడే తుడిచింది. కుంకుడులో నురగ తెప్పించే సపోనిన్లు తలతన్యతని తగ్గిస్తాయి, నీళ్ళు లోపలికి దిగి మట్టిని లేపుకొస్తాయి. ఆవిడకి ఆ మాట తెలీదు, తల జిడ్డు పోయేది ప్లేటు మట్టి పోదా అంది అంతే. తర్వాత కొబ్బరి చెట్ల నీడలో ఆరబెట్టింది, ఎండలో పెట్టి ఉంటే వంగిపోయేవి.

ఇక నాది కాని కాలపు పాటలు నాకెందుకింత జ్ఞాపకం అన్నది చాన్నాళ్ళు తేలలేదు. కరోల్ క్రుమ్‌హాన్సల్ అనే సైకాలజిస్టు, ఇంకొకరితో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఇరవై ఏళ్ళ పిల్లలకి వేరువేరు దశాబ్దాల పాటలు వినిపించారు, వాళ్ళకి తమ కాలం పాటలతో పాటు అమ్మానాన్నల కుర్రతనం నాటి పాటలు కూడా బాగా గుర్తున్నాయి, వాటితో జ్ఞాపకాలు కూడా ముడిపడి ఉన్నాయి. ఇంట్లో మోగే పాట పిల్లలకి వారసత్వంగా దిగిపోతోందన్నమాట. పాత పాట వినగానే మన సొంత జీవితం గుర్తొస్తే నుదుటి వెనక ఉండే మెదడు భాగం చురుగ్గా అవుతుందని పీటర్ జనాటా అనే పరిశోధకుడు 2009లో స్కానింగుల్లో చూపించాడు, పాటనీ జ్ఞాపకాన్నీ కలిపే చోటు అదే అయ్యుండచ్చని ఆయన ఆలోచన.

పోయిన సంక్రాంతికి తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి ప్లేటంతా లాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. టిక్కులు తీసేసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉన్నట్టుండి లేచి పడిపోయే చప్పుడు ఎక్కడుందో పట్టుకుని అక్కడ పక్కనున్న అలని బట్టి పూడ్చేస్తుంది, తీసెయ్యనా అన్నాడు. నాన్నగారు ఒద్దన్నారు. అయితే ఒక చోట ముల్లు ఎగిరి వెనక్కొచ్చి అరిగిపోయిన రికార్డులా ఒకే మాట తిప్పితిప్పి పలుకుతోంది, అదైనా సరిచేద్దామంటే నాన్నగారు లేచెళ్ళి బీరువాలోంచి పావలా బిళ్ళ తెచ్చి ముల్లు తల మీద పెట్టారు, తాతగారు పెట్టేదే. రెండున్నర గ్రాములు అదనంగా మోస్తే గాడి తొందరగా అరుగుతుందని చెప్పాను. ఒక్కసారికే కదరా అన్నారు. ముల్లు ఎగరలేదు, పాట ముందుకి వెళ్ళింది, పావలా మాత్రం ఇంకా దాని మీదే ఉంది.