తీపి మానేస్తే కేన్సర్ మాడిపోతుందా?

పాలకొండ నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అన్నయ్యా, మా అత్తకి అంగిట్లో కేన్సర్. విశాఖలో పెట్ స్కాన్ తీస్తే గడ్డ పంచదారని లాగేసుకుంటోందని చెప్పారట. ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం, బెల్లం, అరటిపండు అన్నీ మాన్పించేశారు. గంజి తాగినా ప్రమాదమేనా?"

ముందు ఆవిడకి అన్నం పెట్టండమ్మా. షుగర్ జబ్బు ఉంటే ఎంత పెట్టాలో డాక్టరుని అడగండి, అంతే.

స్కాన్‌లో కనిపించింది మాత్రం నిజం. ఎక్కించే మందు గ్లూకోజ్ లాంటిదే, కాకపోతే రెండో కార్బన్ దగ్గర ఉండాల్సిన హైడ్రాక్సిల్ బదులు రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ఉంటుంది. కణంలోకి వెళ్లాక హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఆ తర్వాతి మెట్టుకి అది పనికిరాదు, బయటికీ రాలేదు. గ్లూకోజ్‌ని ఎక్కువగా లాగే చోటల్లా అది పోగుపడి వెలుగుతుంది. మెదడూ వెలుగుతుంది.

కేన్సర్ కణానికి ఇంత గ్లూకోజ్ ఎందుకు? 1920లలో జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్ చూసిన వింత ఇదే. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా ఈ కణాలు గ్లూకోజ్‌ని సగంలో ఆపి లాక్టేట్‌గా బయటికి పంపేస్తాయి. పూర్తిగా మండిస్తే ఒక్క గ్లూకోజ్‌కి సుమారు 30 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు) వస్తాయి, ఇలా ఆపేస్తే నికరంగా 2. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా చెడిపోయి ఉంటుందని ఆయన అనుకున్నారు, కానీ చాలా కేన్సర్లలో అది బాగానే పనిచేస్తుందని తర్వాత తేలింది.

మరి ఈ దుబారా ఎందుకు? నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. ఇంటికి బండెడు తాటికమ్మలు వచ్చాయనుకోండి. అన్నీ ధాన్యం ఉడకబెట్టే పొయ్యిలో పెట్టి బూడిదయ్యేదాకా కాలిస్తే బోలెడు వేడి, కానీ ఇల్లు కప్పడానికి ఒక్క కమ్మా మిగలదు. రెండుగా చీలబోయే కణం కొత్త ఇల్లు కప్పుకోవాలి. దానికి వేడి కంటే కమ్మలే ముఖ్యం. అందుకే బండి మీద బండి దించుకుంటుంది, దారిలోనే కావలసినవి ఏరుకుంటుంది: డీఎన్ఏకి రైబోజ్, కొవ్వు పొరలకి గ్లిసరాల్, ప్రోటీన్లకి సెరీన్, వీటిని అల్లడానికి ఎన్ఏడీపీహెచ్ అనే సహాయక అణువు. మిగిలినవి సగం కాల్చి పక్కవాళ్ల పెరట్లో పడేస్తుంది, అదే లాక్టేట్. గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్‌ని లాక్టేట్‌గా మారిస్తేనే, గ్లూకోజ్‌ని విరవడానికి కావలసిన ఎన్ఏడీ ప్లస్ అనే అణువు తిరిగి దొరుకుతుంది, అది లేకపోతే తర్వాతి బండి దిగదు. ఆ పెరడంతా ఆమ్లమయం అయిపోతే, కేన్సర్‌ని చంపడానికి వచ్చిన టీ-కణాలు మందగిస్తాయి.

ఇక తిండి మానేస్తే ఏమవుతుంది? రక్తంలో గ్లూకోజ్ పడిపోకుండా కాలేయం చూసుకుంటుంది, మనం పెట్టకపోతే కండని కరిగించి తయారుచేస్తుంది. గడ్డ పారేసిన లాక్టేట్‌ని కూడా మళ్లీ గ్లూకోజ్ చేస్తుంది. గడ్డకి 2 ఏటీపీలు మిగిలిన చోట కాలేయానికి 6 ఖర్చు. ఈ చక్రాన్ని కనిపెట్టిన కోరి దంపతులకి 1947లో నోబెల్ వచ్చింది. రోగి చిక్కిపోవడానికి ఇదొక కారణం, వాపు రసాయనాలూ ఆకలి చావడమూ ఇంకా పెద్ద కారణాలు. మన పల్లెల్లో ఇలా చిక్కిపోయిన మనిషిని చూసి చిల్లంగి (చేతబడి) పెట్టారని ఎవరో ఒకరి మీద అనుమానపడతారు, పాపం ఆ ఎవరో ఒకరు సాధారణంగా ఒంటరి ముసలావిడే. కోరి చక్రాన్ని ఇంటర్ పిల్లలకి పరీక్ష కోసం కాక ఈ మాట కోసం చెప్పాలి.

అన్నట్టు, ఆవిడ అడ్డపొగ తాగుతారా? నిప్పు నోట్లో పెట్టి చుట్ట కాల్చే ఆ అలవాటు వల్లే, వేరేచోట్ల అరుదైన అంగిలి కేన్సర్ మన శ్రీకాకుళం వైపు ఎక్కువ. బెల్లం కాదు, చుట్ట మాన్పించండి.

ఇంకొక్కటి. గ్లూకోజ్‌ని ఇలా వాడటం కేన్సర్ ఒక్కదాని గుణం కాదు. పోరాటంలోకి దిగిన తెల్లరక్తకణాలూ ఇదే చేస్తాయి, అందుకే టీబీ గడ్డలూ, క్రోన్స్ జబ్బులో వాచిన పేగూ స్కాన్‌లో వెలుగుతాయి. వెలిగిన ప్రతిదీ కేన్సర్ కాదు కాబట్టే, అనుమానం ఉన్నచోట డాక్టర్లు ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు.