డెలివరీ అన్నకి ఆఫీసు ఎక్కడ?

చిన్నూకి, పింకీకి తాతయ్య ఆశీస్సులు.

"డెలివరీ అన్నకి ఆఫీసు ఎక్కడ తాతా?" అని మొన్న అడిగారు. ఫోన్‌లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో లాక్కుంటుంది, అందుకే రాస్తున్నా.

కంపెనీకి ఆఫీసు ఉంటుంది, ఆ అన్న మాత్రం రోజూ అక్కడికి వెళ్లడు. యాప్‌లో లాగిన్ అయితే డ్యూటీ ఎక్కినట్టే. బండి, పెట్రోలు, ఫోన్ డేటా అన్నీ తన ఖర్చే. మా పక్కింటి కుర్రాడు పగలు కాలేజీకి వెళ్లి, సాయంత్రం మాత్రమే లాగిన్ అవుతాడు. నేను ఆర్టీసీ కండక్టర్‌గా ఉన్నప్పుడు అలా చేస్తానంటే డిపోలో నవ్వేవాళ్లు.

కానీ దారిలో బస్సు చెడిపోయి, మెకానిక్ వచ్చేదాకా చెట్టు కింద కూర్చున్నా మాకు అది డ్యూటీయే. తేడా వస్తే ఛార్జిషీటు ఇచ్చేవాళ్లు, తిట్టుకుంటూ సంజాయిషీ రాసేవాళ్లం. దాన్ని చదవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇప్పుడు డెలివరీ అన్నకైతే ఒక్కోసారి పొద్దున లేచేసరికి యాప్‌లో ఐడీ బ్లాక్ అయి ఉంటుంది. కారణం అడుగుదామంటే చాట్‌లో ముందే రాసిపెట్టిన జవాబులే వస్తాయి.

రాత్రి ఎనిమిదింటికి మా వీధి చివర బిర్యానీ హోటల్ చూడాలి. పార్సిల్ కౌంటర్ ముందు రంగురంగుల టీషర్టులు, అందరి చేతుల్లో ఆర్డర్ నంబర్ చూపిస్తున్న ఫోన్లు. లోపల్నుంచి "ఇంకో పది నిమిషాలు" అంటారు. డబ్బు లెక్క ప్రధానంగా ఆర్డర్‌కీ దూరానికీ కాబట్టి, ఇలా నిలబడ్డందుకు పెద్దగా ఏమీ రాదు. ఇన్ని ఆర్డర్లు చేస్తే ఇన్సెంటివ్ అంటారు, ఒక్కటి తగ్గినా అది పోతుంది. ఆ టెన్షన్‌తోనే సిగ్నల్ జంపింగులు.

ఈ ఎదురుచూపు సంగతి కోర్టుల దాకా వెళ్లింది. ఊబర్ డ్రైవర్ల కేసులో 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఏమందంటే, డ్రైవర్ తన ఏరియాలో యాప్ ఆన్ చేసి, రైడ్‌కి సిద్ధంగా ఉన్న సమయం కూడా పనే అంది. నాకైతే అది న్యాయంగానే తోచింది.

మన దేశంలో ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు 2020-21లోనే 77 లక్షల మంది ఉంటారని నీతి ఆయోగ్ అంచనా వేసింది. వీళ్ల కోసం మొదట చట్టం చేసిన రాష్ట్రం రాజస్థాన్, 2023లో. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం, కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఒక నిధికి కట్టాలి. ప్రమాద బీమా, ఆరోగ్యం, ముసలితనం లాంటి వాటికి ఆ డబ్బు. మంచిదే. అయితే కౌంటర్ ముందు నిలబడ్డ అరగంటకి కూలి ఎవరివ్వాలన్నది అందులో తేలలేదు.

రేటింగ్ స్టార్ల గురించి కూడా అడిగారు, అది సెలవులకి వచ్చినప్పుడు చెబుతాను. నానమ్మ జంతికలు చేసి డబ్బాలో పెట్టింది.

మీ తాతయ్య