ఎగిరిన ఎండుటాకు

పిల్లలకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. కంచె మీది ఎండుటాకు చెయ్యి పెట్టబోగానే ఎగిరిందనీ, లోపల పసుపు కనిపించిందనీ, అవతల వాలి మళ్లీ ఎండుటాకైపోయిందనీ రాశారు. "తాతయ్యా, అది ఆకా, పురుగా?" అని అడిగారు. పురుగే, రాత్రిళ్లు తిరిగే రెక్కల పురుగు. మీరు రాసిన గుర్తులను బట్టి అది పండ్ల రసం పీల్చే పురుగు. శాస్త్రజ్ఞులు యుడోసిమా అంటారు. మన వైపు కనిపించే వాటిలో ఒకదానికి 1767లోనే లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు పేరు పెట్టాడు.

దాని వేషం గురించి చెబుతాను. పూర్వం ఎడ్లబండి మీద పెళ్లికి పోయేవాళ్లు పట్టుబట్టలు కట్టుకుని, పైన గొంగడి కప్పుకునేవారు. దారిలో చూసినవాడు ఎవరో గొర్రెల కాపరి అనుకునేవాడు. దీనికీ అంతే. పై రెక్కలు గొంగడి, కింది రెక్కలు పట్టు. వాలి కూర్చుంటే గొంగడే కనిపిస్తుంది. పిట్ట ముక్కు దగ్గరికొచ్చిందా, ఒక్క విదిలింపుతో గొంగడి తొలగి, నల్లమచ్చల పసుపు పట్టు భగ్గుమంటుంది. పిట్ట ఉలిక్కిపడి, తేరుకుని ఆ పసుపు వెంట పడుతుంది. ఈలోగా పట్టుబట్టలవాడు కంపలో దూరి గొంగడి లాక్కుని కూర్చుంటాడు. పిట్టేమో పట్టు కోసం వెతికే దొంగలా, గొంగడి పక్కనుంచే వెళ్లిపోతుంది.

ఆ గొంగడి నేత చూడాలి! నడుమ ఆకు ఈనెలా ఒక గీత, అంచున కొరికినట్టు ఒక వంపు, కొన్నిటికి అక్కడక్కడ పాచి పట్టిన ఆకుపచ్చ. ముట్టుకుంటే వేలికి అంటుకునే పొడే దాని నూలు. ఒక్కో రేణువు ఒక్కో చిన్న రేకు. ఆ రేకులన్నీ వరసగా పేర్చుకుంటేనే ఆ ఈనె, ఆ పాచి. ఇదంతా గూట్లో, చీకట్లో, ఏ అద్దం లేకుండా తయారవుతుంది. ఈ వయసులోనూ నాకు ఆ ఆశ్చర్యం తీరలేదు.

మా చిన్నప్పుడు మాకు బత్తాయి తోట ఉండేది. వానాకాలం చివర, కాయ రంగు తిరిగే వేళకు, ఇవి పక్క గుట్ట మీది చెట్లలోంచి పొద్దుగూకాక దిగేవి. నాన్న తోట మూలల్లో తడి చెత్త తగలబెట్టి పొగ వేసేవాడు. మేం బ్యాటరీ లైటు పట్టుకుని వెనకే తిరిగేవాళ్లం. వెలుగు పడితే కొమ్మల్లో వాటి కళ్లు ఎర్రగా మెరిసేవి. చాలా రెక్కల పురుగుల గొట్టం మెత్తనిది, పువ్వులో తేనెకే పనికొస్తుంది. దీని గొట్టం కొన గట్టిది, ముళ్లుంటాయి. బత్తాయి తొక్కలో దిగిపోతుంది. అది తాగే రసం కొంచెమే. ఆ బెజ్జంలోంచి బూజు చేరి కాయ కుళ్లి రాలిపోతుంది. పొద్దున్నే అమ్మ రాలిన కాయలు ఏరుతూ ఒక్కోటి నొక్కి చూసేది. బెజ్జం చుట్టూ తొక్క మెత్తబడి, రసం చిమ్మేది.

రైతు కోపం న్యాయమైనదే. మందు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే ఇది తోటలో పుట్టదు, రాత్రి వచ్చి తాగి వెళ్లిపోతుంది. అందుకే కొందరు కాయలకు సంచులు కడతారు. తోట కాపాడుకోవడం రైతు పని. మీ కంచె మీద పండూ లేదు, తోటా లేదు. అక్కడ దాన్ని చెప్పుతో నలపకండి. నలిపితే పొడి తప్ప ఏమీ మిగలదు.

దీని పిల్లపురుగు బత్తాయి ఆకు ముట్టదు. తిప్పతీగ, దూసరితీగ ఆకులు తింటుంది. ఈ వానలకు మీ కంచె మీద తిప్పతీగ ఎక్కే ఉంటుంది. ఆకుల కింద నల్లగానో గోధుమరంగుగానో ఒక పురుగు తల కిందికి ముడిచి, తోక పైకెత్తి కూర్చుందేమో వెతకండి. పక్కల పెద్ద కళ్లలాంటి గుండ్రటి మచ్చలుంటాయి. అవి కళ్లు కావు, అసలు తల ఎక్కడుందో మీరే కనిపెట్టాలి. తీగ తెంపకండి, పురుగును కదపకండి. కొన్నాళ్లకు ఆకులు దగ్గరికి లాక్కుని పట్టుదారంతో గూడు కట్టుకుంటుంది. రోజూ వెళ్లి చూసి, కనిపించింది కనిపించినట్టు బొమ్మ గీసి నాకు పంపండి. రంగులు వేయడం మరవకండి.

ఇట్లు,
మీ తాతయ్య