బోర్డు మీద మాట్లాడినోళ్ల పేర్లు

సార్ ఆఫీసు రూముకు పోతూ క్లాస్ లీడర్ చేతిలో సుద్దముక్క పెట్టి పోయేవాడు. ఎవరు మాట్లాడితే వాళ్ల పేరు బోర్డెక్కేది. మళ్లీ నోరు తెరిస్తే పేరు పక్కన ఒక ఇంటూ. సార్ తిరిగొచ్చాక ఎన్ని ఇంటూలో అన్ని దెబ్బలు. నల్లగొండ జిల్లాలో నేను చదివిన బడిలో 'మాట్లాడటం' అన్న మాట ఎక్కువగా వినపడింది ఈ లెక్కలోనే. ఆగస్టు 15 దగ్గర పడితే మాత్రం అదే లిస్టులోంచి ఒకణ్ని పట్టుకుని, సార్ రాసిచ్చిన పేజీన్నర ఉపన్యాసం బట్టీ పట్టించి మైకు ముందు నిలబెట్టేవాళ్లు. ఒక ఏడు ఆ వంతు నాది. పెద్దలకు, గురువులకు నమస్కారాలయ్యాక మూడో వాక్యం దగ్గర గొంతు పెగల్లేదు. చప్పట్లు మాత్రం బాగానే కొట్టారు, దిగిపొమ్మని.

ఇప్పుడు నల్లగొండ గడియారం సెంటర్‌లోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా అడ్మిషన్ల సీజన్ వస్తే ప్రైవేటు బడుల ఫ్లెక్సీల మీద 'పబ్లిక్ స్పీకింగ్', 'కమ్యూనికేషన్ స్కిల్స్' కనపడుతున్నాయి. సర్కారు బడి టీచర్లను అడిగితే 'మా పిల్లలకు అన్నీ వస్తయి, నోరు లేవదు' అంటారు. ఈ నోరు లేవకపోవడానికి వందేళ్ల చరిత్ర ఉంది.

నిజాం రాజ్యంలో జనంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. సర్కారు కచేరీల భాష, పై చదువుల భాష మాత్రం ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలోనూ బోధన ఉర్దూలోనే. దేశభాషలో పై చదువులు చెప్పిన విశ్వవిద్యాలయమని దానికి పేరొచ్చింది, న్యాయంగానే వచ్చింది. కాకపోతే ఇంట్లో ఆ భాష లేని పాలమూరు (మహబూబ్‌నగర్) పిల్లాడికి అది పరాయి భాషే. 1921 నవంబరు 12న హైదరాబాద్ వివేకవర్ధినీ థియేటర్‌లో ధోండో కేశవ్ కర్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరుగుతోంది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లిషు ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే గోల, ఎగతాళి చప్పట్లు. చదువుకున్నవాడు, కోర్టులో వాదించేవాడు, తన భాషలో నాలుగు ముక్కలు చెప్పలేక కూర్చోవాల్సి వచ్చింది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు.

అక్కడి నుంచి మాట్లాడటం నేర్పే పని బడి బయట నడిచింది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రిక తెచ్చారు. అలంపూర్ ప్రాంతం ఇటిక్యాలపాడులో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. ఆంధ్ర జనసంఘమే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి మహాసభకు అధ్యక్షుడూ ఆయనే. మరుసటి ఏడు రెండో మహాసభ మన దేవరకొండలో, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. 1936లో షాద్‌నగర్, 1944లో భువనగిరి. సభ పెట్టుకోవడం ఆ రోజుల్లో తేలికేమీ కాదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఒకటుండేది, ముందుగా సర్కారు అనుమతి లేనిదే నలుగురిని కూర్చోబెట్టి ఉపన్యాసం ఇవ్వకూడదని. నోరు తెరిచినోళ్ల పేర్లు రాసుకునే అలవాటు మన బడికి ఎక్కడి నుంచి వచ్చిందోనని ఒక్కోసారి అనుమానమొస్తుంది.

భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి నాయకత్వంలో మహాసభ, జనం నోట్లో 'సంఘం', పల్లెల్లోకి పోయింది. వకీళ్ల ఉపన్యాసాలు వింటూ కూర్చున్న రైతులు, కూలీలు, ఆడవాళ్లు తామే లేచి మాట్లాడటం మొదలైంది. సూర్యాపేట వైపు కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటలందుకుని ఊళ్లకు ఊళ్లను కూడగట్టింది, తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి అసెంబ్లీకి పోయింది. ఆమె మాట విన్నవాళ్లెవరూ ఈ జిల్లా మనిషికి మాట రాదనరు. ఆ మాట ఏ తరగతి గదిలో నేర్చుకున్నదీ కాదు. మాడ్గుల నుంచి వచ్చిన జైపాల్‌రెడ్డిది మరో దారి. ఉస్మానియాలో విద్యార్థి నాయకుడిగా రాటుదేలి, ఇంగ్లిషులో మాట్లాడి 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అయ్యారు. ఒకరికి సంఘం, ఒకరికి యూనివర్సిటీ ఎన్నికలు. మాటకు బడి అంటే అవే. కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాక ఆ రెండోదీ మూతబడింది. దాని జాగాలో ఇంకోటి పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

1948లో నిజాం రాజ్యం పోయాక ఉర్దూ వెనక్కి పోయి బడుల్లో తెలుగు నిలిచింది. గొడవ తీరిందనుకుంటే ఇంకోటి మొదలు. పుస్తకంలో తెలుగు వేరు, పిల్లల నోట్లో తెలుగు వేరు. 'మా నాయన నిన్న రాలే సార్' అంటే, నాయన ఎందుకు రాలేదో అడగకముందే 'రాలేదు అనాలి' అని దిద్దేవాళ్లు. వచ్చిండు అంటే వచ్చాడు, ఉన్నది అంటే ఉంది. రెండుసార్లు దిద్దించుకున్న పిల్లాడు మూడోసారి లేవడు. దేవరకొండ, అచ్చంపేట తండాల పిల్లలకు ఇది రెండింతలు. ఇంట్లో లంబాడీల గోర్ బోలీ, వాకిట్లో తెలంగాణ తెలుగు, పుస్తకంలో మరో తెలుగు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవం చేశాక ఈ దిద్దుడు కొంత తగ్గిందన్నది నిజం. అయితే ఆ రోజు పెట్టే వక్తృత్వ పోటీకి బట్టీ కాగితం రాసిచ్చే అలవాటు ఇంకా పోలేదు.

బడిలో రోజూ గొంతెత్తే సందర్భం ఒకటుంది, పొద్దటి ప్రేయర్. దేశమంతా చెప్పుకునే ప్రతిజ్ఞ రాసింది మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషే, పైడిమర్రి వెంకట సుబ్బారావు. విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా అమలైంది. దాన్ని చెప్పే పద్ధతేమో, ముందు ఒకరు అనాలి, వెనక అందరూ అనాలి. పద్యమైనా, ఎక్కమైనా, ఇంగ్లిషు పాఠమైనా మన క్లాసురూం ఇదే వరసలో నడిచింది. వంద గొంతుల్లో కలిసి అరిచే పిల్లాణ్ని ఒంటరిగా నిలబెట్టి నీ మాట చెప్పమంటే బెదిరిపోడా మరి?

ఈ వరస మార్చే ప్రయత్నాలు లేకపోలేదు. 1971లో పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నారాయణపురం దగ్గర సర్వేల్‌లో గురుకులం పెట్టారు, రాష్ట్రంలో అదే మొదటిది. బడి గంట కొట్టాక కూడా పిల్లలు సార్ల దగ్గరే ఉంటారు కాబట్టి బాలసభలకు, చర్చలకు, నాటకాలకు గురుకులాల్లో పొద్దు దొరికింది. నాలుగున్నరకు ఊరి బస్సు అందుకోవాల్సిన పిల్లలుండే జడ్పీ హైస్కూల్లో ఆ పొద్దు లేదు. 2012 తర్వాత వచ్చిన తెలుగు పుస్తకాల్లో వినడం, ఆలోచించి మాట్లాడటం అన్నది పాఠం చివర మొదటి అభ్యాసమైంది. బొమ్మ చూసి మాట్లాడమనీ, ఫలానా పాత్ర గురించి నువ్వేమనుకుంటున్నావో చెప్పమనీ ఉంటుంది. మంచి అభ్యాసాలే. పదో తరగతిలో 2014-15 నుంచి 20 మార్కులు ఇంటర్నల్‌గా ఇచ్చారు, అందులో పిల్లల భాగస్వామ్యానికీ వాటా ఉంది. మిగతా 80 మాత్రం పేపరు మీద రాసేవే. ఆ 80 ఎక్కడుంటే టీచరు పీరియడ్ అక్కడే ఖర్చవుతుంది. నోటితో చెప్పాల్సిన ప్రశ్నకు గైడులో జవాబు అచ్చేస్తున్నారంటే, పిల్లలు దాన్ని నోట్స్‌లోకి ఎక్కించుకుంటున్నారంటే తప్పు ఎవరిదని చెప్పాలి? కొన్నిచోట్ల భాగస్వామ్యం మార్కులు రాత మార్కుల్ని చూసి వేస్తారు. బాగా రాసినోడు బాగా మాట్లాడినట్టే లెక్క.

ఇక ఇంగ్లిషు. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో ఆరో తరగతి నుంచి సర్కారు హైస్కూళ్లలో ఇంగ్లిషు మీడియం వచ్చింది. 2022-23లో తెలంగాణ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా తెచ్చింది. ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగుగా పుస్తకాలిచ్చారు. తల్లిదండ్రులు కోరుకున్నదే, అందులో వంక పెట్టడానికి లేదు. కూలికి ముంబై, పుణె పోయిన పాలమూరు కుటుంబానికి ఇంగ్లిషు ఎందుకు కావాలో విడమరచి చెప్పక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. అంటే చాలా ఇళ్లలో బడికి పోయిన మొదటి తరం ఈ పిల్లలే. ఉర్దూ నాడు నడిచిన కథే మళ్లీ నడుస్తోంది. అడిగినదానికి జవాబు తెలిసిన పిల్ల, ఏ భాషలో చెప్పాలో తేలక తల దించుకుంటుంది. మార్పు వచ్చిన ప్రతిసారీ కొత్త భాష వచ్చేదాకా ఊరుకోమనడమే పిల్లలకు మనం ఇచ్చిన సలహా.

అలా పదేళ్లు ఊరుకున్న పిల్లలే పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీల కింది కాలేజీల్లో డిగ్రీ చేసి క్యాంపస్ ఇంటర్వ్యూలకు పోతారు. గ్రూప్ డిస్కషన్‌లో తీసేశారని తెలిశాక 'కమ్యూనికేషన్ స్కిల్స్' అన్న మాట వాళ్ల చెవిన మొదటిసారి పడుతుంది. డిగ్రీ కాలేజీల్లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు, 2014 తర్వాత సర్కారు నైపుణ్య సంస్థ టాస్క్ శిక్షణలు పుట్టింది ఈ అవసరం కోసమే. ప్రైవేటు వాళ్లు ఆ మాటనే కిందికి దించి ఎల్‌కేజీ ఫ్లెక్సీ దాకా తెచ్చారు, ఫీజు వేసి. 2020 జాతీయ విద్యా విధానం కూడా నోటి వ్యక్తీకరణను పిల్లలకు నేర్పాల్సిన నైపుణ్యాల్లో చేర్చింది.

మొన్న ఒక సర్కారు హైస్కూలుకు వేరే పనిమీద పోయాను. వరండాలో నడుస్తుంటే ఒక గది చాలా నిశ్శబ్దంగా ఉంది. తొంగి చూస్తే సార్ లేడు. డిజిటల్ బోర్డు పక్కన పాత నల్లబోర్డు మీద 'టాకింగ్ స్టూడెంట్స్' అని ఇంగ్లిషులో హెడ్డింగ్ పెట్టి, కింద ఏడు పేర్లు రాసి ఉన్నాయి.