దేవుని కాపుదల సువార్త పనికి ఇచ్చే కూలి కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మన సంఘాల్లో ఎవరింట్లోనైనా చావు జరిగితే, పెద్ద జబ్బు చేస్తే, పరామర్శకు వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అనే వెళ్తారు: "దేవుడు సేవకు పిలిచాడు, మీరు లోబడలేదు. అందుకే కొట్టాడు." అన్నవాళ్లు కాఫీ తాగి బస్సెక్కి వెళ్లిపోతారు. విన్నవాళ్లకు మాత్రం ఆ మాట ఏళ్ల తరబడి నిద్ర పట్టనివ్వదు. భూస్థాపన అయిపోయి, చుట్టాలంతా వెళ్లాక, రాత్రిపూట ఫోన్ చేసి "అయ్యగారూ, నిజంగా నావల్లేనా?" అని అడిగేవాళ్లు నాకు ఇప్పటికీ ఉన్నారు. ఇది రాస్తున్నది ముందుగా వాళ్ల కోసం.

అపోహ: సువార్త చెప్పకపోతే దేవుడు కొడతాడు, చెబితే ఏ కీడూ రాకుండా కాపాడతాడు.

దీన్ని నమ్మేవాళ్లు చూపించే వచనం మొదటి కొరింథీ 9:16. "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అన్నాడు పౌలు. నిజమే, అన్నాడు. ఎవరి గురించి అన్నాడు? తన గురించి. ఎక్కడ అన్నాడు? సువార్త ప్రకటించేవాడికి సంఘం దగ్గర జీవనం పొందే హక్కు ఉందని చెప్పి, ఆ హక్కును తాను వాడుకోనని చెబుతున్న చోట. అంటే జీతం వద్దంటున్న మనిషి మాట అది. దాన్ని పట్టుకుని, సువార్తకు వెళ్లని ఇంట్లో పిల్లలు చచ్చిపోతారని బెదిరించడం వాక్యానికి చేసే ద్రోహం. ఆ అధ్యాయం మొత్తం చదవండి. జబ్బుల ఊసు లేదు, ప్రమాదాల ఊసు లేదు.

ఇదే వచనాన్ని మన తెలుగు నేల మీదే ఎంత గౌరవంగా వాడారో చూడండి. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారు, బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తలమీదే పెట్టించి ఈ మాటలు చెప్పించేవారు. వాళ్లలో ఎక్కువమంది ఊరవతల పేటల్లో బతికిన కూలీలు, అక్షరం రానివాళ్లు. వాళ్ల మాట ఊళ్లో ఎవరూ చెవిన పెట్టని రోజులవి. నీ నోటితో కూడా దేవుని మాట పలకవచ్చు అని ఆ మనిషికి చెప్పడమది. ఆ వచనాన్ని మనం కర్రగా మార్చుకున్నాం.

ఇక కాపుదల సంగతి. "మీ తలవెండ్రుకలన్నియు లెక్కింపబడియున్నవి" అనే మాట మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, గోడల మీద ఉంటుంది. అది మత్తయి 10వ అధ్యాయంలోది. ఆ అధ్యాయమంతా యేసు పన్నెండుమందిని సువార్తకు పంపుతూ చెప్పినది. పంపే ముందు ఏం చెప్పాడు? తోడేళ్ల మధ్యకు గొర్రెల్ని పంపినట్టు పంపుతున్నానన్నాడు, మిమ్మల్ని కొరడాలతో కొట్టిస్తారన్నాడు, అధికారుల ముందు నిలబెడతారన్నాడు. పిచ్చుకల మాట వచ్చేది ఆ తరువాతే. పిచ్చుక నేల మీద పడదని ఆయన అనలేదు, తండ్రి సెలవు లేకుండా పడదు అన్నాడు. పడిన పిచ్చుక కూడా తండ్రి లెక్కలోనే ఉంది. సువార్త చెప్పేవాడికి కీడు రాదని ఈ అధ్యాయంలో ఎక్కడుందో నాకు ఎవరైనా చూపించండి.

అపొస్తలుల కార్యాలు 12 కూడా చూడండి. ఒకే హేరోదు, ఒకే సంఘం. యాకోబును కత్తితో చంపించాడు, పేతురును మాత్రం దూత వచ్చి చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. యాకోబు సేవలో వెనకబడ్డాడా? అతని కోసం సంఘం తక్కువ ప్రార్థన చేసిందా? వాక్యం ఆ మాట అనలేదు. అనని మాటను మనం ఎందుకు కల్పించాలి?

నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, సమూయేలును హన్నా దేవుని సేవకు ఇచ్చినట్టు ఇస్తానని ప్రార్థన చేసుకుంది. పిల్లాడు పెరిగాడు, డిప్లొమా చదివాడు, ఉద్యోగంలో చేరాడు. ఆదివారం తప్పకుండా గుడికి వచ్చేవాడు, కూడికల్లో డోలక్ వాయించేవాడు. హైవే మీద బండి ప్రమాదంలో పోయాడు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే, ఎక్కడినుంచో వచ్చిన ఒక ప్రసంగీకుడు "దేవునికిచ్చింది వెనక్కి తీసుకుంటే ఇలాగే ఉంటుంది" అన్నాడు. ఆ తల్లి తరువాత ప్రభువు బల్లలో చెయ్యి వేయడం, అంటే ఆ రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం, మానేసింది. ఆరాధన జరుగుతుంటే లోపలికి రాకుండా ప్రహరీ దగ్గర నిలబడి విని వెళ్లేది. నేను ఇంటికి వెళ్లి యోహాను 9వ అధ్యాయం చదివాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు "ఎవడు పాపము చేసెను" అని అడిగితే, వీడూ చేయలేదు, వీణ్ణి కన్నవాళ్లూ చేయలేదు అన్నాడు యేసు. ఒక్కసారి చదివితే తీరలేదు. చాలాసార్లు వెళ్లాను, మళ్లీ మళ్లీ అదే చదివాను. ఒకరోజు ఆమె అడిగింది: "మా అబ్బాయి డోలక్ వాయించడం కూడా సేవేగా, అయ్యగారూ?" అవునమ్మా అన్నాను. ఇప్పుడు లోపలే కూర్చుంటోంది.

పరామర్శకు వెళ్లేవాళ్లకు ఒక మాట. యోబు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంతసేపూ బాగానే చేశారు. నోరు తెరిచి ఇది నీ పాపం వల్లే అని మొదలుపెట్టాకే దేవుని కోపం తెచ్చుకున్నారు. మీకు చెప్పడానికేమీ లేకపోతే వాళ్ల పక్కన కూర్చోండి, అన్నం వండి పెట్టండి.

"అయితే సువార్త చెప్పకపోయినా ఫర్వాలేదంటారా?" అని అడుగుతారు. అనను. వెళ్లమని ప్రభువు ఆజ్ఞ ఇచ్చాడు, అది పాస్టర్లకే కాదు, అందరికీ. ఆ ఆజ్ఞ వెంటే "సదాకాలము మీతో కూడ ఉన్నాను" అన్న మాటా ఉంది. అంతేగాని, వెళ్తేనే మీతో ఉంటాను అని లేదు. వరస చూడండి. గెరాసేనుల దేశంలో దయ్యాలు పట్టినవాణ్ణి బాగుచేశాక, నీ ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లి ప్రభువు నీమీద కనికరపడి నీకు చేసినదంతా చెప్పు అన్నాడు. ముందు కనికరం, తరువాత సాక్ష్యం. ఆకలి తీరినవాడే అన్నం ఎక్కడ దొరుకుతుందో పక్కవాడికి చెబుతాడు.

ఒంగోలు ప్రాంతంవాళ్లకు ఇంకో సాక్ష్యం ఇంటి దగ్గరే ఉంది. 1876-78 కరువులో జనం ఎండిపోతుంటే, మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆ జనానికి కూలి పని చూపించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లకు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాళ్లెవరో, విశ్వసించి వచ్చినవాళ్లెవరో తేలాలని ఆగాడు. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం పెట్టడం వేరు, బాప్తిస్మం ఇవ్వడం వేరు అని మన ముందుతరం ఎంత జాగ్రత్తగా చూసుకుందో! దేవుని కాపుదలను బేరం సరుకుగా మార్చే ఈనాటి ప్రసంగాలు వింటే నాకు కడుపు మండేది అందుకే.

అపోహ: నిజమైన పిలుపు వస్తే ఉద్యోగం మానేయాలి, దేవుడే పోషిస్తాడు.

కొందరికి పూర్తికాల సేవ ఉంది, కాదనను. కానీ ఇందాక చెప్పిన గెరాసేనుల మనిషి తనను వెంట తీసుకెళ్లమని బతిమాలుకుంటే, ప్రభువు వద్దని ఇంటికి పంపాడు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. క్లౌ దొర కాలపు తొలి విశ్వాసుల్లో ఒకరైన యర్రగుంట్ల పేరయ్య గారు తోళ్ల వ్యాపారం మీద తిరుగుతూ తలకొండపాడు చుట్టుపక్కల సువార్త చెప్పినవారే. భార్య పుస్తెలు తాకట్టు పెట్టించి, పిల్లల్ని బడి మాన్పించి "విశ్వాసంతో అడుగు వేశాను" అనే తమ్ముళ్లు ఒక్కసారి మొదటి తిమోతి 5:8 చదవండి. ఇంటివాళ్లను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని రాసింది కూడా ఆ పౌలే. మీ సంఘ పెద్దలు, మీ ఇంటావిడ, ఇద్దరూ ఒప్పుకోకుండా రాజీనామా కాగితం రాయకండి.

అపోహ: మందులు వాడితే దేవుని కాపుదల మీద నమ్మకం లేనట్టే.

ఇది ప్రాణాలు తీస్తోంది కాబట్టి గట్టిగానే చెబుతాను. ఇన్సులిన్ ఆపకండి. బీపీ మాత్ర ఆపకండి. టీబీ మందు మధ్యలో ఆపితే జబ్బు మొండికేసి మామూలు మందులకు లొంగదు, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. స్వస్థత కూటంలో బాగయ్యానని సాక్ష్యం చెప్పాలనుకుంటే, ముందు డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని చెప్పండి. తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని పౌలే రాశాడు, అతనికి విశ్వాసం లేదని మాత్రం రాయలేదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు మందు సీసా, బైబిలు రెండూ పట్టుకునే ఇళ్లకు వెళ్లారు.

మిగతావి గబగబా. సువార్త అంటే మైకు, కరపత్రం అనుకోవద్దు. అడిగినవాళ్లకు సాత్వికంతో సమాధానం చెప్పమన్నాడు పేతురు. వినడం ఇష్టంలేని పొరుగింటివాళ్ల గుమ్మం ముందు తెల్లవారుజామున స్పీకరు పెట్టడంలో సాత్వికం లేదు. పక్కింటాయన రక్షణ పొందకుండా చనిపోతే ఆ రక్తం నా మీద ఉంటుందా అని వణికిపోయేవాళ్లు, యెహెజ్కేలు 33ను నెమ్మదిగా చదవండి. కావలివాడి పని బాకా ఊదడం వరకే, విన్నవాడి మనసు మార్చడం అతని మీద పెట్టలేదు.

ఈ మధ్య కొన్ని చోట్ల విశ్వాసుల పేర్లు రాసి, ఈ నెల ఎవరు ఎంతమందిని తెచ్చారో అందరి ముందు చదువుతున్నారు. తక్కువ తెచ్చిన ముసలమ్మలు తల దించుకుని కూర్చుంటున్నారు. మా సంఘంలో ఆ రిజిస్టరు లేదు. పెట్టమని అడిగిన యువకులకు, పౌలు నాటితే, అపొల్లో నీళ్లు పోస్తే, వృద్ధి కలుగజేసింది ఎవరో మొదటి కొరింథీ 3లో చదివి రమ్మన్నాను.